శాలువా కప్పిన చేతులు

ఆంటీ పోయారన్న సంగతి నాకు ఆఫీసులో కూర్చుని ఉండగా ఈమెయిల్లో తెలిసింది. మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటుగారు లిస్టులో ఉన్న అందరికీ ఒకే దెబ్బకి పంపిన మెయిలు అది. "కరుణామయి, దీనజన బాంధవి, మన సంఘానికి మూలస్తంభం ఇక లేరు" అని మొదలుపెట్టి, రెండో పేరాకే కార్ పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పాడు. ఆదివారం సంతాప సభట. ఆవిడ ఫోటోకి పూలమాల వేసి, శాలువా కప్పి, ఘనంగా నివాళి అర్పిస్తారట.

శాలువా అన్న మాట దగ్గర చదవడం ఆపేశా. ఆవిడకి శాలువా అంటే ఎందుకు రోతో ఆ ప్రెసిడెంటుకి తెలుసు. తెలిసి రాయలేదు, మర్చిపోయి రాశాడు. మర్చిపోవడం ఆయనకి మంచినీళ్లు తాగినంత సులువు. "కరుణామయి, దీనజన బాంధవి" అన్న ఆ ముక్కలు ఎక్కడివో కూడా ఆయనకి గుర్తుండదు. నాకుంది. అవి నేను రాసినవే. ఎవడి కోసం రాశానో చెబితే మీరు నన్ను ఛీ అంటారు. అనండి. అనిపించుకోవడానికే ఇది రాస్తున్నా.

ఆవిడ మా పక్కింటావిడ. కోవెంట్రీలో మా ఇల్లూ ఆవిడ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. రాజమండ్రి మనిషి. డాక్టరు భార్యగా డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, ఆయన తొందరగా పోతే, పిల్లలు లేని ఆ ఇంట్లో ఒక్కర్తీ కూర్చోలేక హాస్పిటల్లో మెడికల్ సెక్రటరీగా చేరారు. డాక్టర్లు చిన్న క్యాసెట్లలో ఉత్తరాలు చెప్పి పడేసేవాళ్లు. ఈవిడ చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, బల్ల కింద కాలి దగ్గర ఒక పెడల్ పెట్టుకుని టైప్ చేసేవారు. పెడల్ నొక్కితే టేపు నడుస్తుంది. పాదం ఎత్తితే ఆగుతుంది. అలా నొక్కుతూ ఎత్తుతూ ఇరవై ఏళ్లు చేసి రిటైరయ్యారు.

తొంభై తొమ్మిదిలో మేం ఆ ఇంట్లో దిగిన రోజునే ఐస్‌క్రీమ్ డబ్బాలో కందిపొడి పట్టుకొచ్చి, "ఉప్పు తక్కువేశాను, మీ గుంటూరు వాళ్లకి చాలదేమో, కలుపుకోండి" అన్నారు. అప్పట్నించీ ఆవిడ వట్టి చేతుల్తో మా గుమ్మం తొక్కింది లేదు. ఒకే ఒక్కసారి తప్ప. ఆ సంగతికి వస్తాను.

అప్పటికే ఆవిడ రిటైరయ్యారని మా లెక్క. కానీ గోడ అవతల రోజూ పొద్దున్న పదింటి నుంచి టకటకమని చప్పుడు. లండన్లో ఒక చిన్న లాయర్ల గుంపు ఉండేది. ఎక్కడో ఊళ్లకి ఊళ్లనే నరికించి, పేరు మార్చుకుని, ఈ దేశంలో వచ్చి పెద్దమనుషుల్లా బతుకుతున్న వాళ్ల మీద సాక్ష్యాలు పోగుచేయడం వాళ్ల పని. బతికి బయటపడ్డవాళ్లు వాళ్ల భాషలో చెబుతారు, పక్కన దుబాసీ ఒకరు ఇంగ్లీషులో చెబుతారు, అదంతా టేపు. ఆ టేపులు పోస్టులో ఆంటీ ఇంటికి వచ్చేవి. ఆవిడ అదే పెడల్ నొక్కుతూ ఎత్తుతూ విని, టైప్ చేసి, తిరిగి పంపేవారు. లోపల ఏముందో ఒక్క ముక్క ఎవరికీ చెప్పకూడదు. చెప్పలేదు కూడా.

మా ఆవిడే మొదట కనిపెట్టింది. ఎముకలు కొరికే జనవరిలో, మధ్యాహ్నం మూడింటికి, ఆంటీ తలకి తువ్వాలు చుట్టుకుని పెరట్లో కనపడేవారు. రోజూ అంతే.

"రోజూ ఈ తలస్నానాలేంటాంటీ? జలుబు చేసి చస్తారు" అంది మా ఆవిడ.

"చావు కబురు విన్నాక తలారా నీళ్లు పోసుకోకుండా పొయ్యి దగ్గరికి ఎలా వెళ్తావమ్మాయ్?"

"అయ్యో, ఎవరు పోయారాంటీ?"

"పేర్లు చెప్పకూడదు. ఇవాళ పదకొండుగురు."

మా ఆవిడకి అర్థమవడానికి కాసేపు పట్టింది. "మనవాళ్లా?" అని అడిగింది పాపం, ఏమడగాలో తెలియక.

"కాకపోతే మాత్రం?" అని ఆంటీ లోపలికెళ్లి అన్నం వండుకున్నారు.

పని విషయంలో ఆవిడ చాదస్తం ఇంతా అంతా కాదు. టేపులో మనిషి ఏడిస్తే ఏడ్చినట్టు రాయాలి. ఆగితే ఎంతసేపు ఆగిందో గడియారం చూసి రాయాలి. "అక్కడ మాటేం లేదుగా, వదిలేస్తే ఏం?" అన్నా ఒకసారి. "ఆవిడ ఆగిన చోట నేను ఆగకుండా వెళ్లిపోతే ఎలా అబ్బాయ్? తొందరేముంది నాకు?" అన్నారు. ఇంకోసారి దుబాసీ 'చనిపోయారు' అంటే, వెనకాల ఆ సాక్షి మళ్లీ మళ్లీ ఒకే మాట గట్టిగా అంటోందట. ఆ భాష రాని ఆంటీకి కూడా అది వేరే మాటలా వినపడిందట. లండన్‌కి ఫోన్ చేసి ఇంకొకరి చేత వినిపిస్తే, అది 'చంపారు' అని తేలింది. ఇదొక్కటే ఆవిడ తన పని గురించి నాతో చెప్పుకున్న గొప్ప. అదీ ఊరూ పేరూ లేకుండానే.

ఇక ఆ ఉగాది. ఐదేళ్లయింది.

అప్పుడు అసోసియేషన్‌కి సెక్రటరీని నేనే. మేం ఉగాదీ దసరా చేసుకునే హాలు ఒక కమ్యూనిటీ సెంటర్‌ది. దాని మేనేజరు ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషి. ఏ దేశమో రాయను, కేసు ఇంకా నడుస్తోంది. తెల్లబడ్డ గడ్డం, ఇస్త్రీ చొక్కా, ప్రతి పిల్లనీ "మై చైల్డ్" అని పలకరింపు. ఆరింటికి ఖాళీ చేయాల్సిన హాలు ఎనిమిదింటి దాకా వదిలేసేవాడు. కౌన్సిల్లో పలుకుబడి. ఇంకేం, మనవాళ్లకి దేవుడు దొరికినట్టే. ఆ ఏడాది ముఖ్య అతిథి ఆయనే అని ప్రెసిడెంటు తీర్మానించాడు. మన ముఖ్య అతిథి అంటే తెలుసుగా. కొబ్బరికాయ, దండ, శాలువా, సన్మాన పత్రం. ఆయన ఎవరు, ఎక్కణ్ణించి వచ్చాడు, అక్కడ ఏం చేశాడు అని ఒక్క వెధవా అడగలేదు. ఆ వెధవల్లో నేనూ ఉన్నా.

సన్మాన పత్రం నా వంతు. కిందటేడు ఒక పళ్ల డాక్టరుకి చదివిన పత్రం కంప్యూటర్లో ఉంది. పేరు మార్చా, అయిపోయింది.

శాలువా ఎవరు కప్పాలంటే, సభలో పెద్ద ముత్తైదువ కప్పాలన్నారు ఎవరో. ముత్తైదువ కాకపోయినా పెద్దావిడ చాలు, మన ఆంటీ ఉందిగా అన్నా నేనే. ఆవిడ వద్దు వద్దన్నా చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించా. జరీ అంచు శాలువా, మెరూన్ రంగు. ఆవిడ దాన్ని విప్పి, ఆయన భుజాల మీద వేసి, కింద జారకుండా రెండు వైపులా సర్ది, నవ్వుతూ నమస్కారం పెట్టారు. పిల్లాడికి చొక్కా సర్దినట్టు సర్దారు.

ఆ తర్వాత ఆయన మాట్లాడాడు. ఆయనకి ఇంత మర్యాద కొత్తేమో, పొంగిపోయాడు. తన దేశంలో తను స్కూల్ హెడ్మాస్టర్నన్నాడు. ఊరి పేరు చెప్పాడు. గొడవలొచ్చిన ఆ మూడు నెలల్లో టీచర్లందరూ పారిపోయారు, నేను మాత్రం ఒక్క రోజు కూడా ఊరు వదల్లేదు, చివరి దాకా స్కూల్ తాళం నా జేబులోనే ఉంది అన్నాడు. "ఇప్పుడు మీ హాలు తాళం కూడా నా జేబులోనే" అని తాళాల గుత్తి తీసి గలగలలాడించాడు. హాలంతా నవ్వు, చప్పట్లు. వీడియో కెమెరా పక్కన నిలబడి నేను అందరికన్నా గట్టిగా కొట్టా.

ఆంటీ స్టేజీ మీద ఆయన పక్క కుర్చీలో ఉన్నారు. చప్పట్లు ఆగకముందే లేచి మెట్లు దిగి వెళ్లిపోయారు. ముఖ్య అతిథి మాట్లాడుతుంటే లేచిపోవడమేంటని నాకు ఒళ్లు మండింది. కాసేపటికి మా ఆవిడ వచ్చి చెవిలో చెప్పింది, ఆంటీ టాయిలెట్ల దగ్గర చీర కొంగు దోపుకుని, మోచేతుల దాకా సబ్బు రాసి చేతులు కడుగుతూనే ఉన్నారని. మా అమ్మాయి అప్పటికి ఆరేళ్లది. "మమ్మీ, వై ఈజ్ షీ స్టిల్ వాషింగ్?" అని అడుగుతోంది. ఉగాది పచ్చడి కూడా నోట్లో వేసుకోకుండా, బస్సు కోసం చూడకుండా, ఆవిడ రెండు మైళ్లు నడిచి ఇంటికెళ్లారు. ఇక నేను రెండు వారాలు మొహం మాడ్చుకుని తిరిగా. మన పరువు తీసిందని.

మూడో వారం, ఆంటీకి టేపులు పంపే ఆ లండన్ లాయర్ల దగ్గర్నించే అసోసియేషన్‌కి ఉత్తరం వచ్చింది. ఫలానా సభలో ఫలానా వ్యక్తి ప్రసంగం వీడియో తీసి ఉంటే ఇవ్వగలరా, అది ఊచకోత నేరాల దర్యాప్తుకి అవసరం అని. ప్రెసిడెంటు ఇంట్లో మీటింగు పెట్టాం. పకోడీలు, టీ.

"ఎక్కడో ఆఫ్రికాలో ఎవరో ఎవర్నో నరుక్కుంటే మనకెందుకండీ?" అన్నాడు ప్రెసిడెంటు, పకోడీ నములుతూనే. "రేపు హాలు పోతే దసరా ఎక్కడ చేసుకుంటాం, మీ ఇంట్లోనా?"

"కానీ వీడియో ఉంది కదండీ."

"మా అమ్మాయి డాన్సు ఉంచి మిగతాది తీసేయండి. మీరు కంప్యూటర్ల మనిషి, మీకు చెప్పాలా?"

ఆ మాటకి అందరూ తలలూపారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ పకోడీల వాసనే వాంతికొచ్చేలా ఉంటుంది. అప్పుడు మాత్రం నేనూ రెండు తిన్నా. ఇంటికొచ్చి, 'ఆ కార్యక్రమానికి సంబంధించిన రికార్డింగ్ ఏదీ మా వద్ద లేదు' అని మంచి ఇంగ్లీషులో ఉత్తరం టైప్ చేసి, సంతకం పెట్టి పోస్టు చేశా. టేపు మాత్రం చెరపలేదు. ధైర్యం ఉండి కాదు, బద్ధకం. బీరువా కింద అరలో పడేశా.

వారం తర్వాత శనివారం పొద్దున్న ఆంటీ వచ్చారు. వట్టి చేతుల్తో. నేను ముందు ఆవిడ చేతుల వైపే చూశా. అది ఆవిడా చూశారు.

"ఆ కాగితం తీసుకురా అబ్బాయ్."

"ఏ కాగితం ఆంటీ?"

"స్టేజి మీద చదివావుగా. అది."

తెచ్చా. చదవమన్నారు. ఇక్కడా అన్నా. ఇక్కడే, నాకు వినపడేలా అన్నారు. డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి, బళ్లో పద్యం అప్పజెప్పేవాడిలా చదివా. కరుణామయులు, దీనజన బాంధవులు, పసిపిల్లల పాలిటి కల్పవృక్షం, ఆశ్రయం కోరి వచ్చిన వారికి తలుపులు తెరిచే ఉదారులు...

"చాలు" అన్నారు. కళ్లు మూసుకుని ఉన్నారు. కొంచెంసేపటికి, "ఇది పళ్ల డాక్టరుకి చదివిందే కదూ?"

"అవునాంటీ. పేరు మార్చా."

"ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలు."

"రికార్డింగ్ లేదని లాయర్లకి రాసిన ఉత్తరానికి?"

నేను పత్రాన్ని నాలుగు మడతలు పెట్టా. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు కడగడం ఆపేసింది.

"నేను ఒక్క పేజీకి రెండు గంటలు కూర్చుంటాను అబ్బాయ్" అన్నారు ఆంటీ. గొంతు పెంచలేదు. "నా దగ్గరికొచ్చిన టేపుల్లో ఏముందో చెప్పను, చెప్పకూడదు. వాడు ఆ రోజు స్టేజీ మీద వాడి నోటితో వాడే చెప్పాడు చూడు, ఊరు వదల్లేదని, తాళం నా జేబులోనే ఉందని. ఆ మాట వినాల్సిన వాళ్లున్నారు. రేపు వాడు అసలు ఆ ఊళ్లోనే లేనంటాడు. అందరూ అదే అంటారు."

హెడ్మాస్టరు, స్కూలు, లోపల ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు, బయట తాళం. ఆవిడ ఒక్క రహస్యం విప్పకుండానే నాకంతా అర్థమైంది. తలుపులు తెరిచే ఉదారులు! ఆ పాడు వాక్యం నా చేత్తో రాసిందే, నా నోటితో చదివిందే. ఆ వాక్యం విని ఆ మనిషి తల వంచి వినయంగా నవ్వాడు.

బీరువా దగ్గరికెళ్లి టేపు తెచ్చి ఆవిడ ముందు పెట్టా. ఆవిడ ముట్టుకోలేదు. "నాకు కాదు. నీ ఉత్తరం తప్పని ఇంకో ఉత్తరం రాసి, నువ్వే వాళ్లకి పంపు. నీ సంతకంతో" అన్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగారు. తన రెండు అరచేతులూ చూసుకుని, "నా చేతుల్తో కప్పానురా వాడికి. జారిపోకుండా సర్దాను కూడా" అన్నారు. నన్ను 'రా' అనడం అదే మొదటిసారి.

సోమవారమే ఆవిడ లండన్‌కి ఫోన్ చేసి, ఈ కేసు టేపులు ఇక నాకు పంపకండి, నేనే సాక్షిని అయిపోయాను అని చెప్పారు. లాయరమ్మ ఒకావిడ రైల్లో వచ్చి ఆంటీ వాంగ్మూలం రాసుకుంది. ఆంటీ అడిగితే నేనూ పక్కన కూర్చున్నా. "శాలువా నేనే కప్పాను" అన్న వాక్యం దగ్గర ఆ అమ్మాయి పెన్ను ఆపింది. అది కేసుకి అక్కర్లేదు, మీకు ఇబ్బంది కూడా అంది. "రాయమ్మా. నాకు సిగ్గనిపించిన వాక్యం నేను తీసేస్తే, ఎదుటివాడిది తీసెయ్యొద్దని ఎలా అంటాం?" అన్నారు ఆంటీ. రాసింది.

నా సంతకంతో కొత్త ఉత్తరం, టేపు లండన్‌కి పంపిన మర్నాడే నేను సెక్రటరీ పదవి వదిలేశా. లాయర్లు ఆ టేపుని పోలీసులకి ఇచ్చారు. పోలీసులు వాణ్ణి పట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది. మూడేళ్లు! ఒక దొంగ కారు అద్దం పగలగొడితే మూడు రోజుల్లో ఇంటికొచ్చి అడుగుతారే ఈ దేశంలో. ఈ మూడేళ్లూ వాడు తాళాల గుత్తి నడుముకి కట్టుకుని ఊళ్లో తిరుగుతూనే ఉన్నాడు. ఆంటీకి బస్సులో ఎదురుపడేవాడు. దర్యాప్తు సంగతి బయటపడకూడదు కాబట్టి ఈవిడ మొహం మామూలుగా పెట్టుకోవాలి. ఒకరోజు పక్క సీట్లోనే కూర్చున్నాడట. "మేడమ్, మీరు కప్పిన శాలువా ఇంకా దాచుకున్నాం. మా ఆవిడ ఆదివారం చర్చికి కప్పుకెళ్తుంది. అందరూ మెచ్చుకుంటారు" అన్నాడట. ఆంటీ తర్వాతి స్టాపులో దిగిపోయి, వానలో తడుస్తూ వచ్చారు. ఆ రోజు టేపులేం వినకపోయినా తలస్నానం చేశారు.

తెలుగువాళ్ల సంగతి చెబితే నోరు పాడవుతుంది గానీ, చెబుతాను. ఆవిడ మాట మీదే నేను టేపు ఇచ్చానని తెలిశాక, హాలు పోతుందన్న భయంతో వాడి చెవిన వెయ్యలేదు గానీ, ఆవిడని వ్రతాలకి పిలవడం మానేశారు. "శవాల టైపిస్టు" అని పేరు పెట్టారు. ఆవిడ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకూడదన్నారట ఒక మహాతల్లి, రోజూ చావు కబుర్లు వినే ఇల్లని. ఆ హంతకుడి చేతుల మీదుగా ప్రైజులు తీసుకున్న పిల్లల ఫోటోలు మాత్రం హాల్లో ఫ్రేములు కట్టి ఉంచారు. అరెస్టయిన మర్నాడు గోడల మీంచి తీసేశారు. వెబ్‌సైటులోంచి ఆ ఉగాదే మాయమైంది. ఏమయిందని ఒక్కరూ ఆంటీ తలుపు తట్టి అడగలేదు. తప్పయిందని అనడం అటుంచండి.

కోర్టుకి ఆవిడతో నేనే వెళ్లా. అప్పటి నేరాలకి వాణ్ణి ఇక్కడ విచారించే చట్టం లేదట. ఆ దేశానికి పంపాలట. పంపితే అక్కడ న్యాయంగా విచారణ జరుగుతుందా అని ముందు ఇక్కడ తేలాలట. "జరగాలి. వాడికి న్యాయంగానే జరగాలి, నేనూ అదే అంటాను. కానీ ఎక్కడో ఒక చోట జరగాలిగా అబ్బాయ్?" అన్నారు రైల్లో.

ఆంటీ చెప్పినట్టే, వాడు ఆ మూడు నెలలూ ఊళ్లో లేనన్నాడు. అప్పుడు మా ఉగాది టేపు వేశారు. తెర మీద మెరూన్ శాలువా, ఆంటీ నవ్వు, నమస్కారం. తర్వాత వాడి గొంతు, తాళాల గలగల. దాని మీద అందరికన్నా గట్టిగా, కెమెరాకి దగ్గరగా, ఒకడి చప్పట్లు. అవి నావి. ఆ గదిలో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నా. వాడి లాయరు లేచి, ఇదంతా ఆతిథ్యానికి మురిసిపోయి చెప్పిన గొప్పలేనన్నాడు.

బయట వరండాలో పొడుగాటి ఆఫ్రికా అమ్మాయి ఒకతె మమ్మల్ని టైమెంతయిందని అడిగింది. ఆంటీ గడియారం చూడకుండా ఆ అమ్మాయి మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. నేను చెప్పా టైము. ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఆంటీ గోడకి ఆనుకున్నారు. "ఆ గొంతు నాకు తెలుసు. ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగుతుందో కూడా తెలుసు" అన్నారు. అంతకన్నా ఏం చెప్పలేదు, ఆ అమ్మాయి వెనకాల వెళ్లనూ లేదు.

పంపొచ్చని కింది కోర్టు అంది. వాడు అప్పీలుకి వెళ్లాడు. అప్పీలు ఒకసారి వాయిదా, మళ్లీ వాయిదా. ఆంటీ క్యాలెండరు మీద ప్రతి తేదీ చుట్టూ పెన్సిల్తో సున్నా చుట్టి, వాయిదా పడితే రబ్బరుతో చెరిపేవారు. "తీర్పు వినేసి పోతానబ్బాయ్, ఇంకేం అక్కర్లేదు నాకు" అనేవారు. పోయిన నెల స్ట్రోక్ వచ్చింది. మాట పోయింది.

ఈమెయిల్ చూసిన రోజే ప్రెసిడెంటుకి ఫోన్ చేశా. మాల వేసుకోండి, శాలువా మాత్రం వద్దన్నా. "అదేంటండీ, మర్యాద కదా" అన్నాడు. ఆ శాలువా గురించి ఆవిడ వాంగ్మూలంలో ఏం రాయించారో మీకు తెలియదా అన్నా. "పోయినావిడ గురించి ఇప్పుడవన్నీ ఎందుకండీ" అన్నాడు. ఛీ, నీకూ ఒక దండం, నీ సభకీ ఒక దండం అని పెట్టేశా. ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, తలారా నీళ్లు పోసుకున్నా. మా అమ్మాయి తలుపు బయట నిలబడి, "డాడీ, ఈజిట్ ఫర్ ఆంటీ?" అంది. అవునన్నా.

ఆ ఈమెయిలుకి ముందు రోజు సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్లా. పోస్టులో లాయర్ల ఉత్తరం వచ్చింది, మళ్లీ వాయిదా అని. ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. దుప్పటి కింద ఒక పాదం మాత్రం కదులుతోంది. మంచం చివర పలకని నొక్కుతోంది, ఎత్తుతోంది. నర్సు వచ్చి, పొద్దుట్నించీ ఇంతే, నొప్పేమో అని దుప్పటి సర్ది వెళ్లింది. నొప్పి కాదని నాకు తెలుసు. పన్నెండు అంగుళాల గోడ అవతల్నించి ఇన్నేళ్లు విన్నవాణ్ణి.

శిక్ష పడిందని చెప్పేద్దామనుకున్నా. నిజంగా అనుకున్నా. ఎవరికి తెలుస్తుంది, ఆవిడ హాయిగా పోతారు, రెండు నిమిషాల పని. నోటి దాకా వచ్చింది. రెండు నిమిషాల్లో నేను రాసిన కాగితాలు గుర్తొచ్చి మింగేశా.

పాదం నొక్కింది.

"ఆంటీ, అప్పీలు మళ్లీ వాయిదా పడింది" అన్నా.

పాదం లేచింది. ఆగింది. ఆవిడ ఆ వాక్యం టైప్ చేసుకునేంతసేపు నేనూ ఆగా. గోడ మీది గడియారం చూస్తూ. తర్వాత పాదం మళ్లీ కిందికి దిగి, మంచం పలకని గట్టిగా నొక్కిపట్టి అలాగే ఉండిపోయింది, మిగతాది చెప్పమని. నా దగ్గర అంతే ఉంది.